అన్నయ్య కణాలు

నా చేతులకి రంగు వేయించాలన్న ఆలోచన మా అమ్మది. సరేనని వెళ్ళి కూర్చున్న బుద్ధితక్కువతనం నాది.

గవర్నర్‌పేటలో బ్యూటీ పార్లర్ నడిపే బ్లెస్సీకి పెళ్ళికూతుళ్ళని ముస్తాబు చెయ్యడంలో మంచి పేరుంది. పెళ్ళికొడుకు చెల్లెలి చేతులకి మేకప్ వెయ్యడం మాత్రం ఆమెకీ కొత్తే. నా రెండు చేతులూ బల్లమీద పెట్టించి అటూ ఇటూ తిప్పి చూసింది. వేళ్ళ చివర్ల నుంచి మణికట్ల దాకా తెల్లటి మచ్చలు, వాటి మధ్య అక్కడక్కడ మిగిలిన నా అసలు రంగు. పై పెదవి అంచున ఇంకొక మచ్చ. ఎందుకొచ్చాయని ఆమె అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పి ఊరుకునేదాన్ని. అడగకపోయేసరికి మరీ సిగ్గేసింది.

“మీ రంగులో కలిపేస్తానక్కా, దగ్గరికొచ్చి చూసినా తెలీదు,” అంది బ్లెస్సీ. “కానీ తడి తగిలితే ఆగదు. నూనె తగిలితే అసలుండదు. ఇంటికెళ్ళేదాకా చేతులు కడగొద్దు.”

“కడగదులేమ్మా. బొట్టు పెట్టి పక్కకొచ్చేస్తది. ఎంతసేపు పని,” అంది అమ్మ.

ఆ రోజు మా అన్నయ్య జయంత్‌కి కంకిపాడులో తాంబూలాలు. మగపెళ్ళివారి తరఫున పెళ్ళికూతురికి మొదటి బొట్టు పెట్టాల్సింది ఆడపడుచు. అంటే నేను. ఉన్న ఒక్క ఆడపడుచూ రాకపోతే అలిగిందా, ఇంట్లో ఏమైనా గొడవా అని అడుగుతారు. వస్తే చేతులు చూస్తారు. అమ్మ ఈ రెండింటి మధ్యా వారంపాటు నలిగి, చివరికి బ్లెస్సీని కనిపెట్టింది.

చేతులు చూస్తే ఏమంటారో మాకు తెలుసు. బొల్లి అంటారు. బొల్లి అన్నాక వంశంలో ఉందంటారు. అన్నయ్యకి అంతకు ముందు రెండు సంబంధాలు మాటలన్నీ అయిపోయాక తప్పిపోయాయి. రెండుసార్లూ వాళ్ళ మనుషులు వన్‌టౌన్‌లో మా వీధికొచ్చి ఆరా తీసి వెళ్ళిన తర్వాతే జాతకాలు కుదరకుండా పోయాయి. అన్నయ్య జూనియర్ కాలేజీలో లెక్చరరు, మనిషి బాగుంటాడు, మా నాన్న రత్తయ్యకి తవుడూ తెలగపిండీ అమ్మే హోల్‌సేల్ కొట్టుంది. కుదరనిది జాతకం కాదని మా ఇంట్లో అందరికీ అర్థమైంది. అన్నయ్య మాత్రం నా వైపు చూసి ఒక్క మాటా అనలేదు. అనకపోవడం అతని మంచితనం. ఆ మంచితనం కింద నేను పళ్ళెం ముందు కూర్చోవాలన్నా ముడుచుకుపోయేదాన్ని.

ఈసారి అమ్మాయి హిమజ. ఫార్మసీ చదువుకుంది. ముప్పై దాటిన మా అన్నయ్య సాయంత్రాలు మేడమీద నీళ్ళ ట్యాంకు చాటున నిలబడి ఆమెతో ఫోన్లో గుసగుసలాడుతూ, నేను బట్టలు తియ్యడానికి వెళ్తే సెల్ఫోన్ అటు చేతి నుంచి ఇటు చేతికి మార్చుకునేవాడు. అంత సంతోషంగా అతన్ని నేనెప్పుడూ చూడలేదు. ఈ సంబంధం కూడా నా మూలంగా పోతే ఆ ఇంట్లో ఇంక నేను తలెత్తుకోలేను. అందుకే పార్లర్‌లో మాట్లాడకుండా చేతులు చాపాను.

నిజానికి నాది బొల్లి కాదు. కాదు అని చెప్పాలంటే ముందు కేన్సర్ అని చెప్పాలి. ఇంత ఇరుకు సందు మా వన్‌టౌన్‌లో కూడా లేదు.

మూడేళ్ళ కిందట నాకు బ్లడ్ కేన్సర్ వచ్చింది. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో నా ఎముకల్లోని మూలుగనంతా మందులతో ఖాళీ చేసి, అన్నయ్య రక్తంలోంచి తీసిన మూలకణాలు నాకెక్కించారు. కణాలమీద ఉండే గుర్తులు తోడబుట్టినవాళ్ళవైనా నలుగురిలో ఒకరికే కలుస్తాయట, మాకు చూసినవి పదికి పదీ కలిశాయి. ఇప్పుడు నా ఒంట్లో తయారయ్యే రక్తమంతా అన్నయ్యది. గ్రూపు కూడా మారింది. పుట్టుకతో ఓ పాజిటివ్‌ని, ఇప్పుడు అతనిలాగే బి పాజిటివ్‌ని. చుట్టాలకి మాత్రం ఉషశ్రీ హైదరాబాద్‌లో ఏదో కోర్సు చేస్తోందని చెప్పాం. మా అన్నయ్య జీవితంలో చేసిన అన్నిటికంటే గొప్ప పనిని ఇంటిల్లిపాదీ కలిసి దొంగసొత్తులా దాచిపెట్టాం.

కేన్సర్ పోయింది. ఏడాది తిరిగాక నోరెండిపోవడం, ఒంటిమీద దద్దుర్లు మొదలయ్యాయి. దద్దుర్లు తగ్గినచోట తెల్లమచ్చలు తేలాయి. చూపించుకోవడానికి అన్నయ్యా నేనూ కలిసే వెళ్ళాం. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది.

“మీ అన్నయ్య ఇచ్చినవాటిలో కాపలా కాసే తెల్లకణాలు కూడా ఉంటాయమ్మా. అవి ఒళ్ళంతా తిరుగుతూ ఎదురైన ప్రతి కణాన్నీ తడిమి చూస్తాయి, మనదా, పరాయిదా అని. పెద్ద గుర్తులు పదీ కలిశాయి కాబట్టే నువ్విలా తిరుగుతున్నావు. చిన్నచిన్న గుర్తులు ఇంకా బోలెడుంటాయి. అవి అన్నాచెల్లెళ్ళకైనా అన్నీ కలవవు. నీ చర్మానికి రంగునిచ్చే కణాలు ఆయన కణాలకి పరాయివిగా కనిపిస్తున్నాయి. అందుకని వాటిని చంపేస్తున్నాయి.”

నాన్న కొట్లో పెరిగినదాన్ని కాబట్టి నాకు నా లెక్కలో అర్థమైంది. బస్తామీద మిల్లు మార్కు ఒకటే, మూతి కుట్టిన దారం వేరు. మార్కు చూసినవాళ్ళు లోపలికి రానిస్తారు, దారం చూసినవాళ్ళు ఇది మన సరుకు కాదని పక్కకి తోసేస్తారు.

“వాటిని ఆపలేరాండి?” అని అడిగాడు అన్నయ్య.

“కొంతవరకే ఆపుతాం. పూర్తిగా నోరు నొక్కేస్తే ప్రమాదం. ఎక్కడన్నా ఒక కేన్సర్ కణం మిగిలి ఉంటే దాన్ని పరాయిదని పట్టుకోవాల్సిందీ ఇవేగా.”

ఇదంతా అన్నయ్యకి కొత్త కాదు. అతను చెప్పేది జువాలజీ. మెడికల్ సీట్లకి చదివే పిల్లలకి రోగనిరోధక శక్తి పాఠం ఏటా చెప్తాడు. కిడ్నీ మార్చినప్పుడు మన ఒళ్ళు వచ్చినదాన్ని కాదంటుంది, మూలుగ మార్చినప్పుడు వచ్చినదే మన ఒంటిని కాదంటుంది, ఈ తిరకాసు మీద బిట్టు వస్తుంది రాసి పెట్టుకోండని క్లాసులో చెప్తాడట. ఆ పాఠం తన చెల్లెలి చేతుల మీదే కనబడేసరికి తిరుగు రైల్లో కిటికీవైపు తిరిగి కూర్చుని, “నన్ను ఒక్కసారి తిట్టి ఊరుకోవే ఉషా,” అన్నాడు. సగం దారి వచ్చాక ఇద్దరం టీ తాగాం.

అలాంటివాడు మా అన్నయ్య. ముందే చెప్తున్నాను, తర్వాత జరిగింది విని మీరు అతన్ని రాక్షసుణ్ణి చేస్తారేమోనని.

కంకిపాడు వెళ్ళేటప్పుడు కార్లో నేను చేతులు దేనికీ తగలకుండా ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాను. పెనమలూరు దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు అన్నయ్య ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, “ఏసీ పెంచమంటావా, చెమట పడుతోందా?” అని అడిగాడు. ఆ మాట నా కోసమో, నా చేతులమీది రంగు కోసమో నాకు తెలియలేదు. పెంచమన్నాను.

హిమజవాళ్ళ ఇంటిముందు షామియానా వేశారు. ఆ ఇంటికి పెద్దదిక్కు హిమజ నాయనమ్మ సీతారావమ్మగారు. ఆవిడ కుర్చీలో కూర్చుని చూస్తుంటే, కొడుకూ కోడలూ ఆవిడ కళ్ళని బట్టే అటూ ఇటూ తిరుగుతున్నారు. హిమజ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని పీటమీద కూర్చుంది. నన్ను చూసి నవ్వి, “రండి వదినా,” అంది. నాకూ ఆమె వదినే అవుతుంది. ఇద్దరం ఒకరికొకరం వదినలమే. ఆ పిలుపుకి నా భయం సగం తగ్గింది.

“కుంకుమ ఒక్కటే. పొడి చేత్తో,” అని అమ్మ చెవిలో చెప్పింది. పొడి చేత్తోనే బొట్టు పెట్టాను. పూలు తురిమాను. ఎవరూ ఏమీ చూడలేదు. వెనక్కి అడుగేశాను.

“అదేంటమ్మా, గంధం రాయకుండా పోతున్నావు?” అంది సీతారావమ్మగారు. “ఆడపడుచు గంధం రాసిందాకా మాకు శుభకార్యం మొదలైనట్టు కాదు.”

“మా తోటికోడలు రాస్తుందిలెండి,” అంది అమ్మ గబగబా.

“తోటికోడళ్ళు తర్వాత. ముందు ఇంటి ఆడపిల్ల,” అని ఆవిడ పన్నీట్లో తడిపిన గంధం గిన్నె నా చేతిలో పెట్టేసింది.

పీట ముందు, అంతమంది చూస్తుండగా, గంధం గిన్నె అందుకున్న ఆడపడుచు రాయనని ఎలా అంటుంది? రంగు వేయించుకునేటప్పుడు మాలో ఒక్కరికీ ఈ గిన్నె గుర్తు రాలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్న తంతు. నాలుగు వేళ్ళూ ముంచి హిమజ గొంతుమీద అటొకసారి, ఇటొకసారి రాశాను. మొదటిసారి గంధం గంధంలాగే ఉంది. రెండోసారి రాసేసరికి ఆమె మెడమీద ఇటుకరంగు చారలు పడ్డాయి. నా వేళ్ళు నీళ్ళలో కడిగిన బియ్యంలా తెల్లబడిపోయాయి.

హిమజ కిందికి చూసి నా చెయ్యి గమనించింది. “ఏం కాలేదు వదినా,” అని నాకొక్కదానికే వినబడేలా అని, కొంగు మెడచుట్టూ లాక్కుంది. ఆ పిల్ల దాచబోయింది. అప్పటికే సీతారావమ్మగారు కుర్చీలోంచి లేచి నా చెయ్యి పట్టుకుంది. తన పమిటచెంగుతో వేళ్ళ నుంచి మణికట్టు దాకా తుడిచింది. వీడియో లైటు మా మీదే ఉంది. అంతమందిలో నా చీర ఎవరో లాగినట్టయింది నాకు.

“బొల్లా?”

“కాదండి,” అంది అమ్మ. “ఏవో మందులు పడక.”

“ఏం మందులు? ఎందుక్కావలసొచ్చాయి?”

అమ్మ నాన్నవైపు చూసింది. బజారంతా వినబడేలా తవుడు బేరమాడే నాన్న షామియానా గుంజవైపు చూస్తూ నిలబడ్డాడు. నేను అన్నయ్యవైపు చూశాను. అన్నయ్య తల అడ్డంగా, చాలా కొంచెంగా ఊపాడు. చెప్పొద్దని.

అప్పటిదాకా సిగ్గుతో చచ్చిపోతున్న నాకు అప్పుడు కోపం వచ్చింది. కోపం వస్తే నా నోరు ఆగదు. మా ఇంట్లో దాచకుండా అందరికీ తెలియనిచ్చిన రోగం అదొక్కటే.

“బొల్లి కాదండి,” అన్నాను. “నాకు మూడేళ్ళ కిందట బ్లడ్ కేన్సర్ వచ్చింది. మా అన్నయ్య మూలకణాలిచ్చి బతికించాడు. నా ఒంట్లో ఇప్పుడున్నది మా అన్నయ్య రక్తమే. అతని కణాలకి నా చర్మం పరాయిదిలా కనబడి ఈ మచ్చలొచ్చాయి. ఇది మా వంశంలో లేదు. ఎవరికీ అంటుకోదు.”

చెప్తున్నంతసేపూ నాకు గర్వంగానే ఉంది. మూడేళ్ళుగా దాచిన అన్నయ్య గొప్పతనాన్ని నలుగురిలో చెప్పానని అనుకున్నాను.

సీతారావమ్మగారు నా చెయ్యి వదలకుండానే ఆలోచించింది. “అంటే ఇది నీ ఒంటిది కాదు. అబ్బాయి ఒంట్లోంచి వచ్చిందా?”

“అవునండి.”

“అబ్బాయిది నీ ఒంట్లో పడి నీ రంగు తినేసింది. మరి రేపు మా పిల్ల కడుపున పడే బిడ్డ సంగతేంటి?”

ఎవరూ నవ్వలేదు. హిమజ తండ్రి అన్నయ్యవైపు అనుమానంగా చూశాడు. అలా జరగదని నాకు తెలుసు. ఎందుకు జరగదో చెప్పబోతే మాటలు ఒకదానిమీద ఒకటి పడి అడ్డం తిరిగాయి. ఇది రక్తం సంగతండి, పిల్లల సంగతి కాదండి అని ఏదో నసిగాను. నేను గొప్పగా మొదలుపెట్టిన మాట అన్నయ్య మెడకి చుట్టుకుంది. అందరూ అన్నయ్యవైపు తిరిగారు. ఫర్వాలేదనుకున్నాను. రోజూ వందమంది పిల్లలకి ఇదే విప్పి చెప్పేవాడు, ఈవిడకి చెప్పలేడా?

అన్నయ్య లేచి నిలబడ్డాడు. కర్చీఫ్‌తో మొహం తుడుచుకున్నాడు. హిమజని ఒకసారి చూశాడు.

“అది కాదండి,” అన్నాడు. “మా చెల్లికి సరిగా తెలీదు. నా కణాలు మంచివే. తన ఒళ్ళే వాటిని ఒప్పుకోలేదు. తన ఒంట్లో ఉన్న లోపం వల్ల వచ్చిన మచ్చలవి. నాలో ఏ తేడా లేదు. నావల్ల ఎవరికీ ఏం రాదు.”

ఏటా పిల్లలతో రాయించే పాఠాన్ని తలకిందులు చేసి చెప్పాడు. తెలియక కాదు. ఆ షామియానా కింద అది అబద్ధమని తెలిసినవాళ్ళం ఇద్దరమే అనుకున్నాను అప్పుడు.

“అంతేనామ్మా?” అని సీతారావమ్మగారు నన్నడిగింది.

అమ్మ నన్ను చూస్తోంది. నాన్న ఇప్పుడు గుంజని వదిలి నన్నే చూస్తున్నాడు. అన్నయ్య చూడడం లేదు.

“అంతేనండి,” అన్నాను. “నాకు తెలీక అలా చెప్పాను. లోపం నా ఒంటిదే.”

ప్రాణమిచ్చినవాడికి ఒక అబద్ధం ఇవ్వలేనా అని సర్దిచెప్పుకున్నాను. సీతారావమ్మగారు నా చెయ్యి వదిలింది. కొడుకుతో పక్కకెళ్ళి ఏదో మాట్లాడి వచ్చి, “సరే, కష్టాలు మనుషులకి కాక మానులకొస్తాయా. కానివ్వండి,” అంది. తాంబూలాలు మార్చుకున్నారు. బంతి భోజనాలప్పుడు నా పక్క కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. పెరుగన్నం రెండు ముద్దలు తిని లేచాను.

ఇంటికొచ్చేటప్పుడు కార్లో అమ్మ ఒక్కతే మాట్లాడింది. “పోనీలే, గండం గడిచింది,” అంది. ఇంట్లో పంపు దగ్గర కూర్చుని చేతులకి కొబ్బరినూనె రాసి రుద్దుతుంటే మిగిలిన రంగంతా దిగిపోయింది. అన్నయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఉషా.”

“బిట్టు తప్పు పెట్టావు,” అన్నాను. “నీ క్లాసులో వెనకబెంచీవాళ్ళకి కూడా వచ్చు అది.”

“హిమజ మొహం చూశానే. ఈ సంబంధం కూడా పోతుందనిపించింది. నోటికి ఏదొస్తే అది అనేశాను.”

“నీ నోటికి నేనే దొరికాను.”

అన్నయ్య వెళ్ళిపోయాడు. నేను వాడిగా అన్న మాటకి సంతోషించాల్సింది. కానీ, ఎవరి రక్తంతో బతికి ఉండి ఎవరిని అంటున్నానో గుర్తొచ్చి నామీద నాకే అసహ్యం వేసింది. అతను అన్నది తప్పే. దాన్ని తప్పు అనడానికి నాకు హక్కుందో లేదో నాకు తెలియదు. మూడేళ్ళుగా నా బతుకు ఇదే. అన్నం సరిగా ఉడకలేదని అనాలన్నా ముందు కృతజ్ఞత అడ్డం వస్తుంది.

మర్నాడు ఆదివారం. అన్నయ్యకి కాలేజీ లేదు. అమ్మ పెసరట్లు వేస్తోంది, నాన్న వసారాలో పేపరు చదువుతున్నాడు. నా ఫోన్ మోగింది. హిమజ. నేను వెనకవైపు మెట్లమీదికి వెళ్ళి మాట్లాడాను.

“వదినా, ఒకటి అడుగుతాను, ఏమనుకోవద్దు,” అంది. “నేను చదివింది ఫార్మసీ. ఆ మార్పిళ్ళ తర్వాత వాడే మందుల గురించి మాకు పాఠం ఉంది. నిన్న మీరు చెప్పిందే కరెక్టు కదా? ఆయన తిప్పి చెప్పారు కదా?”

నేను మెట్టుమీద కూర్చున్నాను.

“మచ్చల గురించి కాదు వదినా నా భయం. కేన్సర్ గురించీ కాదు. ఆయన మీకు కణాలిచ్చారని విన్నప్పుడు నాకెంత బాగా అనిపించిందో చెప్పలేను. వెంటనే అందరి ముందూ మిమ్మల్ని అలా అనేశారు. రేపు నాకేదన్నా వస్తే తనవాళ్ళ ముందు నన్నేమంటారో అని రాత్రంతా అదే ఆలోచన. మీరొక్క మాట చెప్పండి, నేను నమ్ముతాను.”

అన్నయ్య చెప్పిందే నిజం అంటే చాలు. పెళ్ళి నిలబడుతుంది. ఆ మాట నాలుకమీద దాకా వచ్చింది కూడా. కానీ నిన్నటి అబద్ధంలో పోయింది నా పరువొక్కటే. ఈ అబద్ధంలో ఇంకొకరి కూతురు ఉంది. పైగా కొంగు లాక్కుని నా చెయ్యి దాచబోయిన పిల్ల. నిజం నేను చెప్తే మళ్ళీ అన్నయ్యమీద ఫిర్యాదు చేసినట్టవుతుంది. ఆ రెండూ నాకు చేతకాలేదు.

లోపలికి వెళ్ళి, పెసరట్టు ముందు కూర్చున్న అన్నయ్య దగ్గర ఫోన్ స్పీకర్‌లో పెట్టాను.

“హిమజ అడుగుతోంది, ఎవరి కణాలు ఎవర్ని కాదన్నాయని,” అన్నాను. “నువ్వే చెప్పు.”

అన్నయ్య మొహంలో రంగు మారింది. అమ్మ అట్లకాడ పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. వద్దన్నట్టు నాకు సైగ చేసింది. నేను ఫోన్ వెనక్కి తీసుకోలేదు.

“హిమజా,” అన్నాడు అన్నయ్య. “ఉష చెప్పిందే నిజం. నా కణాలే. నాకు తెలిసే అబద్ధం చెప్పాను.”

హిమజ అంది, “నాకు చెప్తే సరిపోదండి. నిన్న విన్నవాళ్ళకి చెప్పండి. నాయనమ్మ పక్కనే ఉంది, ఇస్తున్నాను.”

“ఏంటి బాబూ?” అంది సీతారావమ్మగారి గొంతు.

అన్నయ్య లేచి నిలబడ్డాడు. ఆవిడ ఎదురుగా లేకపోయినా నిలబడే చెప్పాడు. నిన్న చెప్పాల్సింది ఇవాళ చెప్పాడు, చాలా బాగా, పిల్లలకి చెప్పినట్టు నిదానంగా. కాపలా కణాలేమిటో, అవి దేన్ని తడిమి చూస్తాయో, ఎక్కడ పొరబడతాయో చెప్పాడు. మూలుగలో ఉన్నది రక్తం వరకే, పుట్టబోయే పిల్లల జోలికి అది రాదన్నాడు. “మా చెల్లి ఒంట్లో ఏ లోపమూ లేదండి. నా కణాలే తనని పరాయిదనుకున్నాయి. నిన్న నేను తన మీదికి తోసేశాను. నా పెళ్ళి పోతుందని భయపడి తోశాను,” అన్నాడు. నాన్న పేపరు మడిచి లోపలికొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

నేను కోరుకున్నది ఇదే. తీరా అది జరుగుతుంటే చూడలేకపోయాను.

సీతారావమ్మగారు తొందరపడలేదు. “పిల్లల సంగతి డాక్టర్నడిగి తెలుసుకుంటాం,” అంది. “పెళ్ళి మాట హిమజ చెప్పుద్ది, నన్నడక్కు. నాకు ఒకటి చెప్పు బాబూ. కణాలంటే గుడ్డివి, అది చెల్లెలని వాటికెట్టా తెలుసుద్ది? నీకు తెలుసుగా?”

మేం నలుగురం ఆ ఫోన్ చుట్టూ నిలబడి ఉన్నాం. వంటింట్లో పెనంమీద అట్టు మాడుతున్న వాసన వస్తోంది, ఎవరూ కదలలేదు. అన్నయ్య నావైపు తిరిగి, నిన్నటి నుంచి మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

“తెలుసండి,” అన్నాడు.

అంత చిన్న మాట చెప్పడానికి అతనికి అంతసేపు పట్టడం చూసి, అతనికంటే ముందు నేనే తల దించుకున్నాను.